ఆయిల్ ఎవరు పోశారు?

ముందే చెప్పేస్తున్నా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదటిసారి. క్లబ్‌లో సీనియర్ అక్క ఒకామె "నీకు తెలిసిందే రాయి, కవిత్వం జోలికి పోకు" అంది. నాకు బాగా తెలిసింది ఒక పాత కారు, దాని గేర్‌బాక్స్, ఆ గేర్‌బాక్స్ విషయంలో నేను చేసిన ఒక వెధవ పని. అదే రాస్తున్నా.

మా ఇల్లు గుడిమల్కాపూర్‌లో, ఝాంసింగ్ బాలాజీ గుడికి ఐదు నిమిషాల నడక. డాడీకి పూల మార్కెట్‌లో చిన్న కమీషన్ దుకాణం ఉంది. మార్కెట్ జాంబాగ్‌లో ఉన్నప్పుడు తాత చేసేవాడు, ఇక్కడికి మారాక డాడీ చేస్తున్నాడు. తెల్లవారుజామున మూడింటికి బంతి, చామంతి బస్తాలు దిగుతుంటే మా గల్లీ దాకా వాసన వస్తుంది. మీకు పూల వాసన అంటే పండగ గుర్తొస్తుందేమో, నాకు మాత్రం అలారం గుర్తొస్తుంది.

డాడీ వారానికి రెండు మూడుసార్లు మొయినాబాద్, చేవెళ్ల వైపు పోతాడు. అక్కడి రైతులతో మాట్లాడి, సీజన్‌కి ముందే కొంత అడ్వాన్స్ ఇచ్చి వస్తాడు. ఇదివరకు బైక్ మీద పోయేవాడు. నాలుగేళ్ల కింద లంగర్‌హౌజ్ దగ్గర పడి ఎడమ మోకాలు లిగమెంట్ పోయింది. ఆపరేషన్ అయ్యాక నడుస్తాడు కానీ, క్లచ్ తొక్కితే రాత్రికి మోకాలు వాచిపోతుంది. అందుకే ఆటోమేటిక్ కారు. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి పాత ఆటోమేటిక్ కారు.

2011 మోడల్ సెడాన్, జపాన్ కంపెనీది. పేరు రాయను, ఎందుకంటే ఇందులో తప్పు కంపెనీది కాదు. మాకంటే ముందు ఇద్దరు వాడారు. మీటర్ మీద 94 వేల కిలోమీటర్లు. నంబర్ ప్లేట్ మీద ఇంకా ఏపీ అనే ఉంది, అంటే తెలంగాణ కంటే వయసులో పెద్దది. మూడు లక్షల ఇరవై వేలకి కొన్నాం. కొన్న రోజు డాడీ ఎడమ కాలు సీటు పక్కన హాయిగా చాపుకొని, కుడి కాలితో ఒక్కదానితోనే మెహిదీపట్నం ట్రాఫిక్ దాటించాడు. ఇంటికొచ్చాక "ఒక్క కాలు సాలుతది" అన్నాడు. ఆ మొహం నాకు ఇంకా గుర్తుంది.

ఇప్పుడు కొంచెం టెక్నికల్. స్కిప్ చేయకండి, తర్వాత కావాలి.

మన దగ్గర ఆటోమేటిక్ అనగానే అన్నీ ఒకటే అనుకుంటాం. కాదు. 2014లో సెలెరియోతో ఇండియాలో ఏఎమ్‌టీ పాపులర్ అయింది. అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేర్ మార్చే పని మాత్రం మోటార్లు చేస్తాయి. సీవీటీలో బెల్టూ పుల్లీలూ ఉంటాయి, మెట్లలాంటి గేర్లు ఉండవు. డ్యూయల్ క్లచ్‌లో రెండు క్లచ్‌లు వంతులేసుకుంటాయి. మాది పాత పద్ధతి, టార్క్ కన్వర్టర్. 1939లో జనరల్ మోటార్స్ వాళ్లు హైడ్రామాటిక్ అని తెచ్చారు, ఎక్కువ సంఖ్యలో అమ్ముడైన మొదటి ఫుల్ ఆటోమేటిక్ అదే. దాని పేరులోనే హైడ్రో ఉంది. అంటే ఆట అంతా ద్రవంతోనే.

టార్క్ కన్వర్టర్‌ని ఇలా ఊహించుకోండి. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి, ఒకటే ఆన్ చేస్తే దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలి బదులు ఆయిల్ పెట్టండి. మొదటి ఫ్యాన్ ఇంజిన్ వైపు, రెండోది గేర్ల వైపు. సిగ్నల్ దగ్గర ఆగినా ఇంజిన్ ఆగిపోకపోవడానికి కారణం ఇదే. లోపల ఒక్కో గేర్‌కి ఒక్కో క్లచ్ ఉంటుంది. కంప్యూటర్ సోలెనాయిడ్ అనే చిన్న కరెంటు వాల్వ్‌ని తెరిస్తే, ఆయిల్ ప్రెషర్‌తో పోయి ఆ క్లచ్ పలకల్ని గట్టిగా నొక్కుతుంది. గేర్ పడుతుంది. అంటే ఆ ఎర్ర ఆయిల్ ఉత్త లూబ్రికెంట్ కాదు. శక్తిని మోసేది అదే, గేర్ వేసేది అదే, వేడిని తీసుకెళ్లేది అదే. ఆయిల్ బాగోకపోతే మిగతాది ఎంత బాగున్నా బండి నడవదు.

మా బండికి రెండు చిన్న జబ్బులు ఉండేవి. ఒకటి, పార్క్ నుంచి డ్రైవ్‌లోకి వేయగానే 'ధన్' మని చప్పుడు. రెండు, పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండో గేర్ నుంచి మూడో గేర్‌కి పోయేటప్పుడు వెనక నుంచి ఎవరో తోసినట్టు ఒక కుదుపు. డాడీ పట్టించుకోలేదు. "పాత బండి, గట్లనే ఉంటది" అన్నాడు. నేను పట్టించుకున్నా. నేను సీఎస్ సెకండ్ ఇయర్. నా దగ్గర యూట్యూబ్ ఉంది.

ఆగస్టులో ఒక శనివారం డాడీ మధ్యాహ్నం పడుకున్నప్పుడు బానెట్ తెరిచా. గేర్ ఆయిల్ డిప్‌స్టిక్ కనుక్కోడానికే ఇరవై నిమిషాలు పట్టింది. వీడియోలో చూపించినట్టే ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టిక్ తీసి చూశా. లెవెల్ కింది గీత కంటే కిందికి ఉంది. దొరికింది అనుకున్నా. షాపుకి పోయి "ఏటీఎఫ్" అని అడిగితే ఒక డబ్బా ఇచ్చాడు. ఎర్రగా ఉంది, లోపలిది కూడా దాదాపు ఎరుపే. అర లీటర్ పోశా. మళ్లీ చూస్తే ఇంకా తక్కువే. ఇంకో అర లీటర్ పోశా. గీతల మధ్యకి వచ్చింది. డబ్బా తీసుకెళ్లి గల్లీ చివర చెత్తలో పడేశా. ఆ సాయంత్రం డాడీ నడిపితే కుదుపు కొంచెం మెత్తబడినట్టే అనిపించింది. నేను ఏమీ చెప్పలేదు. సర్‌ప్రైజ్‌గా తర్వాత చెబుదాం అనుకున్నా.

పది రోజులకి అక్క బెంగళూరు వెళ్తుంటే ఎయిర్‌పోర్ట్‌లో దింపడానికి వెళ్లాం. పోయేటప్పుడు బాగానే ఉంది. తిరిగి వస్తూ ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కుతున్నాం. మీలో ఆ దారిలో పోయినవాళ్లకి తెలుసు, 2009లో మొదలైన ఫ్లైఓవర్, పదకొండున్నర కిలోమీటర్లు దాటి ఉంటుంది, ఎక్కాక మధ్యలో పక్కకి ఆపుకోడానికి సరైన చోటు ఉండదు. ర్యాంప్ మీద డాడీ యాక్సిలరేటర్ నొక్కాడు. ఇంజిన్ అరిచింది. బండి మాత్రం కదలట్లేదు, అంటే కదులుతోంది కానీ స్పీడ్ పెరగట్లేదు. వెనక బస్సు హారన్. డాడీ ఇంకా నొక్కాడు. ఇంకా అరిచింది. డాష్‌బోర్డ్ మీద డి అక్షరం మిణుకు మిణుకుమని కొట్టుకోవడం మొదలైంది, తర్వాత చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది.

డాడీ హజార్డ్ లైట్లు వేసి, ఎడమ వైపు అంచుకి జరిపి, ముప్పై స్పీడ్‌లో మెహిదీపట్నం దాకా తెచ్చాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఏసీలో కూడా ఆయన చొక్కా వీపు తడిసిపోయింది. నాకు కడుపులో ఏదో అయింది. ఎందుకంటే నాకు ఆ డబ్బా గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక నా ఓబీడీ డాంగిల్ పెట్టి చూశా. స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉంటుంది, అందులో ఈ బ్లూటూత్ ముక్క పెడితే ఫోన్‌లోకి బండి డేటా వస్తుంది. అమెరికాలో 1996 నుంచి అన్ని కార్లకీ ఇది కంపల్సరీ చేశారు, కోడ్‌ల పేర్లు కూడా కామన్. నాకు వచ్చిన కోడ్ పీ 0730. అర్థం 'గేర్ రేషియో సరిగా లేదు'. గేర్‌బాక్స్ లోపలికి వచ్చే షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతోంది, బయటికి పోయేది ఎంత వేగంగా తిరుగుతోంది అని రెండు సెన్సార్లు చూస్తుంటాయి. మూడో గేర్‌లో ఉండాల్సిన లెక్కకి ఆ రెండూ కలవకపోతే కంప్యూటర్ ఈ కోడ్ వేస్తుంది. అంతే. ఏ పార్ట్ పాడైందో అది చెప్పదు. మనకి కంపైలర్ ఇచ్చే ఎర్రర్ లాంటిదే. ఎర్రర్ లైన్ 240లో చూపిస్తుంది, తప్పు మనం లైన్ 12లో చేసి ఉంటాం.

ఇది నాకు తెలుసు. తెలిసి కూడా డాడీతో అన్నా, "సోలెనాయిడ్ పోయినట్టుంది డాడీ. పాత బండ్లలో కామన్."

మర్నాడు మార్కెట్‌లో డాడీ పక్క దుకాణం వాళ్లకి చెబుతుంటే విన్నా. "మా వాడు కంప్యూటర్ పెట్టి చూసిండు. సొలనాయిడ్ అంట." ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. నేను చామంతుల బస్తా వెనక నిలబడి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించా.

తర్వాత ఒక పెద్ద వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాం. వాళ్లు స్కాన్ చేశారు, ఒక రౌండ్ తిప్పారు, క్లచ్‌లు స్లిప్ అవుతున్నాయి అన్నారు. అది నిజమే. గేర్‌బాక్స్ దింపి ఓవరాల్ చేయాలి, లక్షా పదిహేను వేలు, పైన ట్యాక్స్. అక్కడి అతను అడిగాడు, "ఈ మధ్య ఏమైనా పని చేయించారా సార్?" డాడీ "ఏం లేదు" అన్నాడు. ఆయనకి తెలిసినంతలో అది నిజమే. అతను నా వైపు కూడా చూశాడు. నేను తల అడ్డంగా ఊపా.

ఇక్కడ నన్ను నేను వెనకేసుకు రాదల్చుకోలేదు. కానీ ఆ వారం నా బుర్ర ఎలా పనిచేసిందో చెప్పాలి, ఎందుకంటే ఇది రాయడానికి అసలు కారణం అదే.

ఆ ఎయిర్‌పోర్ట్ రోజు డాంగిల్ బండిలోనే ఉంది, యాప్ లాగ్ రాస్తూనే ఉంది. రాత్రి ఆ ఫైల్ తెరిచి పైథాన్‌లో గ్రాఫ్ వేశా. అడ్డంగా స్పీడ్, నిలువుగా ఆర్‌పీఎమ్. గేర్‌బాక్స్ సరిగా ఉంటే ఒక్కో గేర్‌కి చుక్కలన్నీ ఒక్కో గీత మీద పడతాయి. ఐదు గేర్లు, ఐదు గీతలు, చేతి వేళ్లలాగా. పోయేటప్పటి చుక్కలు అలాగే పడ్డాయి. వచ్చేటప్పుడు మాత్రం చెదిరిపోయాయి. మామూలుగా 80 స్పీడ్‌లో 2,000 దగ్గర ఉండే ఆర్‌పీఎమ్ 3,600 దాకా పోయింది. ఇంకో విషయం, ఒక్క గేర్‌లో కాదు. మూడు, నాలుగు, ఐదు, అన్నీ చెదిరాయి. పైగా బండి బాగా వేడెక్కాకే.

ఒక సోలెనాయిడ్ పోతే దానికి సంబంధించిన గేర్లే పోవాలి. ఒక క్లచ్ అరిగితే ఆ గేర్ ఒక్కటే జారాలి. అన్ని గేర్లూ ఒకేసారి పోయాయంటే, అన్నిటికీ కామన్‌గా ఉన్నదేదో పోయింది. కామన్‌గా ఉన్నది ఆయిల్, దాని ప్రెషర్. పది రోజుల కింద ఆయిల్‌ని ముట్టుకున్నది నేను.

గ్రాఫ్ నన్నే చూపిస్తోంది. నేను ల్యాప్‌టాప్ మూసేశా.

మర్నాడు నెట్‌లో ఏం వెతికానో తెలుసా? 'పాత ఆటోమేటిక్‌లో సోలెనాయిడ్ ప్రాబ్లం'. నాకు కావలసిన జవాబు వచ్చే ప్రశ్నే అడిగా. వందల రిజల్ట్స్ వచ్చాయి. ఏది కావాలంటే అది దొరుకుతుంది అక్కడ. ఒక్కటి మాత్రం వెతకలేదు, 'ఆయిల్ ఎక్కువ పోస్తే ఏమవుతుంది'.

ఇంతలో బతుకమ్మ దగ్గర పడుతోంది. మాకు ఏడాదిలో అదే పెద్ద సీజన్. బంతి, చామంతి రైతులకి అడ్వాన్సులు ఇవ్వాల్సిన టైమ్. ఒక రాత్రి అమ్మా డాడీ వంటింట్లో మాట్లాడుకుంటుంటే విన్నా. డాడీ చీటీ పాడదామంటున్నాడు. రెండు లక్షల చీటీ, ఇప్పుడు పాడితే ముప్పై రెండు వేలు తోసివేత పోతుంది. అమ్మ "ఆ పైసలు సీజన్‌కి కదా, బండికి పెడితే రైతులకేమిస్తవ్?" అంది. డాడీ కాసేపు ఆగి, "బండి లేకుంటే రైతుల కాడికి ఎట్ల పోవాలె?" అన్నాడు. తర్వాత ఇంకా మెల్లగా, "బైకే తీస్త తియ్" అన్నాడు.

ఆయన ఆ మాట అన్నాక నాకు నిద్ర పట్టలేదు. కానీ పొద్దున లేచి చెప్పలేదు కూడా. అది కూడా నిజమే.

చెప్పించింది ఉస్తాద్. కార్వాన్ వైపు పోయే ఒక గల్లీలో ఆయన షెడ్డు. పేరు ఎవరికీ అక్కర్లేదు, అందరికీ ఉస్తాద్. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలకి తాడు. లక్ష పెట్టే ముందు ఒకసారి చూపిద్దాం అని డాడీ స్నేహితుడెవరో చెబితే పోయాం. నేను సోలెనాయిడ్ కథ రెడీగా పెట్టుకున్నా. ఆయన బండి వైపు కూడా చూడలేదు. స్టూల్ మీద కూర్చొని ప్రశ్నలు అడిగాడు.

"ఠండే మే కర్తా యా గరం మే?" చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? వేడెక్కాక.

"ఏక్ గేర్ మే యా సబ్ మే?" ఒక గేర్‌లోనా, అన్నిట్లోనా? డాడీ నా వైపు చూశాడు. అన్నిట్లో అన్నా.

"ఝట్కా మార్తా యా ఫిసల్తా?" కుదుపా, జారడమా? రెండూ వేరు వేరు జబ్బులంట. గేర్ దబ్బున పడితే కుదుపు. గేర్ పట్టుకోకుండా ఇంజిన్ ఒక్కటే అరిస్తే జారడం. కుదుపు ముందు నుంచీ ఉంది, జారడం కొత్తది అని చెప్పాం.

"కొత్తగా మొదలైంది అంటే, మొదలయ్యే ముందు ఏం జరిగింది?" ఇది హిందీ తెలుగు కలిపి అడిగాడు. నేను నేల చూశా.

అప్పుడు లేచాడు. డాడీని ఒక ఇరవై నిమిషాలు తిప్పుకు రమ్మన్నాడు. వచ్చాక సమంగా ఉన్న చోట నిలబెట్టి, ఇంజిన్ ఆపించాడు. గడియారం చూసుకుంటూ ఒక నిమిషం ఆగాడు. అప్పుడు డిప్‌స్టిక్ తీశాడు. తెల్ల గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి, తీసి వెలుతురులో పట్టుకున్నాడు. పై గీత దాటి రెండు వేళ్ల పైకి ఉంది. ఆయిల్ మీద చిన్న చిన్న బుడగలు, సబ్బు నీళ్లలాగా. ఆ బుడగలు చూస్తూనే అడిగాడు.

"తేల్ కౌన్ డాలా?"

డాడీ అన్నాడు, "ఎవరు పోస్తరు ఉస్తాద్, ఎవరూ పొయ్యలే."

ఒక పక్క ఎవరో టైర్‌కి గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఆగి, "నేనే పోసిన డాడీ" అన్నా.

ఎంత, ఏది, ఎప్పుడు అని ఉస్తాద్ అడిగాడు. అన్నీ చెప్పా. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. వివరంగా చెప్పాడు, చేతులతో చూపిస్తూ. మా బండి మోడల్‌కి ఆయిల్ వేడి మీద, ఇంజిన్ ఆపేసి, ఒకటి నుంచి ఒకటిన్నర నిమిషం లోపల చూడాలి. కొన్ని కంపెనీల బండ్లకి ఇంజిన్ ఆన్‌లో ఉంచే చూడాలి, నేను చూసిన వీడియో అలాంటి దానిది. ఇంజిన్ నడుస్తుంటే కొంత ఆయిల్ పైన పైపుల్లో, కన్వర్టర్‌లో ఉంటుంది కాబట్టి స్టిక్ మీద తక్కువ కనిపిస్తుంది. పైగా నేను చల్లగా ఉన్నప్పుడు చూశా, చల్లటి ఆయిల్ ఇంకా తక్కువ చూపిస్తుంది. అంటే మొదట లెవెల్ సరిగానే ఉంది. నేను ఒక లీటర్ ఎక్కువ పోశా.

ఎక్కువైతే ఏమవుతుంది? తిరిగే గేర్లు ఆయిల్‌లో మునిగి, మజ్జిగ చిలికినట్టు చిలుకుతాయి. వేడెక్కి ఆయిల్ ఇంకా ఉబ్బుతుంది, ఇంకా చిలుకుతాయి. నురగ వస్తుంది. నురగ అంటే గాలి. ఆయిల్‌ని నొక్కితే అది నలగదు, ఆ ఒత్తిడిని అలాగే ముందుకి పంపిస్తుంది. గాలి నొక్కితే నలిగిపోతుంది. పంపు ఎంత తోసినా క్లచ్ దాకా సరైన ప్రెషర్ పోదు. పలకలు జారతాయి. జారితే ఇంకా వేడి. పోయేటప్పుడు బాగుండి వచ్చేటప్పుడు ఆరాంఘర్ ర్యాంప్ మీద చేతులెత్తేయడానికి కారణం అదీ. తక్కువైనా ఇలాగే అవుతుందంట, అప్పుడు పంపు గాలి పీలుస్తుంది. ఇదొక్కటే కాదు, ఎర్రగా ఉందని నేను పోసిన ఆయిల్ మా గేర్‌బాక్స్‌కి చెప్పిన రకం కూడా కాదు.

మరి ముందు నుంచీ ఉన్న జబ్బులు? ఉస్తాద్ బానెట్ తెరిచి ఉంచి, డాడీని బ్రేక్ గట్టిగా తొక్కి ఒకసారి డ్రైవ్, ఒకసారి రివర్స్ వేయమన్నాడు. ప్రతిసారీ ఇంజిన్ మొత్తం గంతేసినట్టు ఎగిరింది. ఇంజిన్ కింద రబ్బర్ మౌంట్ చినిగిపోయింది. 'ధన్' చప్పుడు అదే. గేర్‌బాక్స్‌కి దానికీ సంబంధమే లేదు. చల్లగా ఉన్నప్పుడు రెండు నుంచి మూడుకి కుదుపు మాత్రం గేర్‌బాక్స్‌దే, ఎన్నేళ్లుగానో మార్చని ఆయిల్ వల్ల.

నేను మొత్తం ఒకే జబ్బు అనుకున్నా. నిజానికి మూడు ఉన్నాయి. ఒకటి మౌంట్, ఒకటి పాత ఆయిల్, మూడోది నేను.

మందు కూడా సింపులే. కింద ప్లగ్ విప్పి ఆయిల్ తీసేసి, కంపెనీ చెప్పిన రకం పోయడం. కానీ ప్లగ్ విప్పితే రెండున్నర లీటర్లే వస్తుంది, గేర్‌బాక్స్ మొత్తంలో ఐదు ముప్పావు ఉంటుంది. మిగతాది కన్వర్టర్‌లో, సందుల్లో ఉండిపోతుంది. అందుకే తీసి పోసి, కొన్ని రోజులు నడిపి, మళ్లీ తీసి పోసి, అలా మూడుసార్లు. నేను లెక్కేశా. ఒకసారి తర్వాత పాత ఆయిల్ 57 శాతం మిగులుతుంది, రెండోసారికి 32, మూడోసారికి 18. మెషిన్ పెట్టి ప్రెషర్‌తో ఒకేసారి కడిగేద్దామా అని అడిగితే, ఇంత పాత బండికి వద్దన్నాడు, అడుగున పేరుకున్న మడ్డి కదిలి వాల్వుల్లో ఇరుక్కుంటుందని ఆయన భయం. మొదటిసారి తీసిన ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది. ఉస్తాద్ ఒక చుక్క వేలికి రాసుకొని వాసన చూసి, న్యూస్‌పేపర్ మీద వేసి చూశాడు. "జలా నహీ" అన్నాడు. మాడలేదు. ప్లగ్‌కి ఉన్న అయస్కాంతానికి మెత్తటి బూడిదలాంటి మసి ఉంది కానీ ఇనప ముక్కలు లేవు. ముక్కలుంటే లక్ష ఖర్చు నిజంగానే తప్పేది కాదంట.

మౌంట్, ఆయిల్, మజూరీ అన్నీ కలిపి పదకొండు వేల ఎనిమిది వందలు.

ఆ సాయంత్రం బండి షెడ్డులోనే వదిలేసి ఆటోలో ఇంటికి వచ్చాం. డాడీ చాలాసేపు ఏమీ అనలేదు. రేతిబౌలి దగ్గర సిగ్నల్ పడింది. అప్పుడు అన్నాడు, "నాకు బండి గురించి ఏం తెల్వదురా. నువ్వు చెప్పిందే నలుగురికి చెప్పిన." అంతే. సిగ్నల్ గ్రీన్ అయింది.

ఆయిల్ పోసినందుకు కాదు. నా మాట మీద ఆయన నిలబడ్డాడు. నేను ఆ మాట కింద ఏమీ లేకుండా పెట్టా.

ఫ్రెండ్స్, మనందరం డీబగ్గింగ్ నేర్చుకుంటున్నాం. ల్యాబ్‌లో ఏదైనా క్రాష్ అయితే మన గ్రూప్‌లో మొదటి మెసేజ్ ఏంటి? "నిన్న రాత్రి ఎవరు కోడ్ మార్చారు?" గిట్ లాగ్ చూస్తే పేరు, టైమ్‌తో సహా దొరుకుతుంది. అబద్ధం ఆడే అవకాశం లేదు. బండికి అలాంటి లాగ్ లేదు. ఇంటికి లేదు. అక్కడ చివరిసారి ఏం మారిందో తెలిసినవాడు నోరు తెరిస్తేనే తెలుస్తుంది, వాడు సరిగ్గా అప్పుడే నోరు మూసుకుంటాడు. వర్క్‌షాప్ వాళ్లకి స్కానర్ ఉంది, నాకు డాంగిల్ ఉంది, గ్రాఫ్ ఉంది. ఒక్క వాక్యం లేక అదంతా వేస్ట్ అయింది. ఉస్తాద్ దగ్గర గడియారం, తెల్ల గుడ్డ ఉన్నాయి. సిగ్గుపడకుండా అడిగే ఒక ప్రశ్న ఉంది.

మీ ఇంట్లో పాత ఆటోమేటిక్ ఉంటే ఈ ప్రశ్నలు రాసి పెట్టుకోండి. చల్లగానా, వేడిగానా? ఒక గేర్‌లోనా, అన్నిట్లోనా? కుదుపా, జారడమా? మొదలయ్యే ముందు ఏం మారింది? జవాబులు రాసుకొని మెకానిక్ దగ్గరికి పొండి. నాలాగా పార్ట్ పేరు చెప్పకండి, జబ్బు చెప్పండి. ఆయిల్ ఎలా చూడాలో యూట్యూబ్‌లో కాదు, మీ బండి మాన్యువల్‌లో చూడండి. డాష్‌బోర్డ్ డబ్బాలో ఎవరూ ముట్టుకోని పుస్తకం ఉంటుంది, అదే. మాది పేజీలు అంటుకుపోయి ఉంది. అందులో అంతా రాసే ఉంది.

ఇప్పుడు బండి ఎలా ఉంది? 'ధన్' చప్పుడు పూర్తిగా పోయింది. చల్లటి పొద్దున కుదుపు ఇంకా కొంచెం ఉంది. నేను మళ్లీ లాగ్ తీసి గ్రాఫ్ వేశా, ఐదు గీతలూ తిరిగి వచ్చాయి. కానీ ఆ రోజుల్లో జారినప్పుడు క్లచ్ పలకలు ఎంతో కొంత అరిగే ఉంటాయి. అది గ్రాఫ్‌లో కనపడదు, వెనక్కి కూడా రాదు. ఉస్తాద్‌ని అడిగితే "బుడ్డీ గాడీ హై, ప్యార్ సే చలావ్" అన్నాడు.

డాడీ చీటీ పాడలేదు. బతుకమ్మ ముందు రెండుసార్లు చేవెళ్ల పోయి వచ్చాం, ఆ మర్రిచెట్ల రోడ్డు మీద, నేను పక్క సీట్లో. రెండోసారి తిరుగు ప్రయాణంలో లంగర్‌హౌజ్ దాటాక తెలిసింది, నేను దారంతా ఆర్‌పీఎమ్ ముల్లునే చూస్తున్నానని. డాడీ కూడా అదే చూస్తున్నాడు.

ఒక చిన్న నోట్‌బుక్ కొని డాష్‌బోర్డ్ డబ్బాలో పెట్టా. బండికి ఎవరు ఏం చేసినా తేదీ వేసి రాయాలని రూల్. మొదటి లైన్ నాది: "గేర్‌బాక్స్‌లో ఒక లీటర్ ఆయిల్, తప్పు రకం, అవసరం లేకుండా పోశాను." కింద సంతకం.

పోయిన వారం తెరిచి చూస్తే రెండో లైన్ ఉంది. డాడీ చేతిరాత: "ఏసీ బటన్ ఇరిగింది. నేనే ఇరగ్గొట్టిన."